బడిలో నోరు విప్పని బిడ్డ



పేరు పిలిస్తే హాజరు పలకని బిడ్డ ఏదో ఒక సంవత్సరం ప్రతి బడికీ వస్తుంది. పద్యం అప్పజెప్పమంటే కొయ్యబారిపోతుంది. ఒంటేలుకు పోవాలన్నా అడగలేక సాయంత్రం దాకా బిగబట్టుకుంటుంది. అదే బిడ్డ గుడియాత్తంలో తన ఇంటి గడప దాటగానే వసపిట్ట అవుతుంది. మగ్గం చప్పుడును మించి మాట్లాడుతుంది. గంగమ్మ శిరసు ఉత్సవం నాడు చిన్నాన్న పిల్లలతో కేకలు వేస్తూ పరుగెత్తే ఆ పిల్లకు టీచరమ్మ ఎదురుపడితే సగం మాట నోటిలోనే నిలిచిపోతుంది. తల్లి చెప్పేది బడి నమ్మదు. బడి చెప్పేది తల్లి నమ్మదు. ఇద్దరు చెప్పేదీ నిజమే.

ఈ స్థితిని వైద్యులు సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. కొన్ని చోట్ల, కొందరి ఎదుట మాత్రమే మాట పెగలకపోవడం దీని లక్షణం. 1877లో జర్మన్ వైద్యుడు కుస్మాల్ దీనిని బుద్ధిపూర్వకమైన మూగతనంగా వర్ణించాడు. 1934లో ట్రామర్ పెట్టిన పేరులోనూ బిడ్డ కోరి ఎంచుకున్న మౌనమనే అర్థమే ఉన్నది. పేరులోనే నేరం మోపడం జరిగిందన్నమాట! అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథం 1994లో ఆ పేరు మార్చింది. 2013లో దీనిని ఆందోళన రుగ్మతల కోవలో చేర్చింది. బిడ్డ మాట్లాడనని భీష్మించుకోవడం లేదు. భయం గొంతును పట్టి ఉంచుతున్నది. బావి గట్టున నిలబడి కాలు కదపలేని మనిషిని మొండివాడని ఎవరూ అనరు గదా.

సాధారణంగా ఇది అయిదేళ్లలోపే మొదలవుతుంది. బడిలో చేరిన తరువాతనే బయటపడుతుంది. చేరిన తొలి నెల మౌనాన్ని లెక్కలోనికి తీసుకోరు; కొత్త చోటు కనుక బెదురు సహజం. ఆ నెల గడిచినా మౌనం వీడకపోతే ఆలోచించవలసిందే. ఏదో ఘోరం జరిగి ఉంటుందని ఇంటివారిని అనుమానించడం కూడదు. అధిక సంఖ్యాకులైన ఇటువంటి పిల్లల వెనుక అటువంటి సంఘటన ఏదీ ఉండదు. అయితే వినికిడిని, ఉచ్చారణను, మానసిక వికాసాన్ని పరీక్షింపజేయడం మాత్రం అవసరం.

ఈ ప్రాంతంలో దీనికి భాష చిక్కొకటి తోడవుతుంది. ఇంట తెలుగు, వీధిలో తమిళం, పక్క వీధిలో ఉర్దూ, పుస్తకంలో ఆంగ్లం. 2006 నాటి చట్టం ఒకటో తరగతి మొదలు క్రమంగా తమిళాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. కొత్త భాష చెవిన పడుతున్న పిల్లలు కొంతకాలం మౌనంగా వింటూ ఉండిపోవడం రోగం కాదు. కాని ఇంట తెలుగు మాట్లాడే బిడ్డ తెలుగు తరగతిలోనూ నోరు మెదపకపోతే, భాష రాకపోవడం అనే సమాధానం చాలదు. ఈ భేదాన్ని తెలుగు బడి ఉపాధ్యాయుడు కనిపెట్టగలిగినంత సులభంగా మరొకరు కనిపెట్టలేరు. ఇంకొక మాట: ఇక్కడి ఇంటి తెలుగులో తమిళపు నుడులు కలిసి ఉంటాయి. అది పుస్తకపు తెలుగు కాదని నలుగురిలో నవ్వితే, బెదిరే బిడ్డకు ఆ నవ్వు ఒక్కటే చాలు.

నాలుకపై వస అరగదీసి రాయడం, మొక్కులు మొక్కడం, గోడకుర్చీ వేయించడం, మాట్లాడితే బొమ్మ కొనిపెడతామని ఆశ పెట్టడం — ఇవేవీ ఆ భయాన్ని తీర్చవు. “చెప్పు, చెప్పు” అని చుట్టూ మూగడం దానిని మరింత పెంచుతుంది. బిడ్డకు బదులుగా అక్క జవాబు చెప్పి కాపాడటం ప్రేమే అయినా మౌనాన్ని స్థిరపరుస్తుంది.

చికిత్స మెట్లు ఎక్కడం వంటిది. బడి వదిలిన తరువాత ఖాళీ గదిలో తల్లీబిడ్డలను ఆడుకోనివ్వాలి. పులిజూదమైనా సరే, అచ్చనగాయలైనా సరే. బిడ్డ తల్లితో గొంతెత్తి మాట్లాడుతుండగా ఉపాధ్యాయిని వరండాలో నడవాలి. మరునాడు తలుపు వారగా తీసి ఉంచాలి. ఆ పై రోజు లోపలికి వచ్చి, వారి వైపు చూడకుండా దూరాన పుస్తకాలు సర్దుకోవాలి. తరువాత దగ్గర కూర్చోవాలి. తరువాత ఆటలో ఒక పందెం వేయాలి. అప్పుడు అడిగే ప్రశ్న తలాడించి తప్పించుకునేది కాకూడదు: “పులి కావాలా, మేక కావాలా?” అడిగిన పిదప అయిదు క్షణాలు ఊరకుండాలి. ఆ అయిదు క్షణాలూ పెద్దలకు యుగాలుగా తోచి, తామే జవాబు చెప్పేస్తారు. సాధన అవసరమైనది అక్కడే. మాట వచ్చిన పిదప తల్లి మెల్లగా తప్పుకుంటుంది, స్నేహితురాలొకతె చేరుతుంది. ఒక మెట్టు వద్ద బిడ్డ బిగుసుకుపోతే కింది మెట్టుకు దిగాలి. కొందరికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు.

ఏళ్ల తరబడి ముదిరిన మౌనానికి ఫ్లూఆక్సెటిన్ వంటి మందులను కూడా కొందరు వైద్యులు వాడుతారు. అది మనోవైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి. ఆ సహాయం రాయవేలూరులోనే ఉన్నది. ఐడా స్కడర్ 1900లో ఒకే పడకతో ఆరంభించిన వైద్యశాల నుండి ఎదిగిన క్రైస్తవ వైద్య కళాశాల, 1957లో బాగాయంలో మానసిక ఆరోగ్య కేంద్రాన్ని నెలకొల్పింది. రోగితో పాటు కుటుంబాన్ని కూడా చికిత్సలో పాలుపంచుకోనిచ్చిన సంప్రదాయం దానిది. పిల్లల కొరకు ప్రత్యేక విభాగమూ అక్కడ ఉన్నది. గుడియాత్తం నుండి బస్సెక్కితే పూటలో వెళ్లి రావచ్చును. పిచ్చాసుపత్రి అని నలుగురూ అనుకుంటారేమోనన్న జంకుతోనే పలువురు తల్లిదండ్రులు రెండు మూడేళ్లు పోగొట్టుకుంటారు. తొందరగా మొదలుపెట్టిన చికిత్స తొందరగా ఫలిస్తుంది.

ఇక మొదటి మాట వచ్చే రోజు సంగతి. ఆ ఉదయం హాజరు పిలుస్తుండగా వెనుక వరుస నుండి గుసగుసగా “ఉన్నాను టీచర్” అని వినిపిస్తుంది. తరగతి అంతా గిరుక్కున వెనుతిరుగుతుంది. చప్పట్లు కొట్టించాలనీ, ప్రధానోపాధ్యాయుని గదికి తీసుకుపోయి మళ్లీ చెప్పించాలనీ ఉపాధ్యాయినికి అనిపిస్తుంది. ఆ పని చేయరాదు. పట్టికలో గుర్తు పెట్టి, తరువాతి పేరు పిలవాలి.