ఖర్చు ఎవరి ఖాతాలో?



పట్టాలు అందుకుంటున్న మీకు ఇవాళ హెన్రీ ఫాసెట్ అనే బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడి గురించి చెబుతాను. 1833లో ఇంగ్లండులోని సాలిస్బరీలో పుట్టాడు. కేంబ్రిడ్జ్ గణిత పరీక్షలో ఏడో స్థానం తెచ్చుకున్నాడు. 1858 సెప్టెంబరులో తండ్రితో కలిసి కౌజుపిట్టల వేటకు వెళ్లినప్పుడు, తండ్రి పేల్చిన తుపాకీ రవ్వలు తగిలి రెండు కళ్లూ పోయాయి. అప్పటికి ఆయన వయసు 25. చేయదలచుకున్న పనులేవీ మానకూడదని పది నిమిషాల్లోనే నిర్ణయించుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. గుర్రపుస్వారీ మానలేదు, చేపలు పట్టడం మానలేదు. 1863లో కేంబ్రిడ్జ్‌లోనే అర్థశాస్త్ర ఆచార్యుడయ్యాడు.

ఇక్కడితో ఆపేసి ధైర్యం గురించి నాలుగు మాటలు చెబితే మీరు చప్పట్లు కొడతారు. కానీ నాకు ఆసక్తి ఆయన ఆ తర్వాత చేసిన పనిలో ఉంది.

1865లో బ్రైటన్ ఓటర్లు ఆయన్ని కామన్స్ సభకు పంపారు. ఆ రోజుల్లో భారతదేశపు బడ్జెట్ సభ ముందుకు వచ్చేది సమావేశాల చివర్లో, సభ్యులంతా సెలవులకు ఊళ్లు పట్టిన తర్వాత. కోట్లమంది కట్టిన పన్నుల లెక్క ఖాళీ బెంచీల మధ్య గట్టెక్కేది. ఫాసెట్ ఆ బెంచీల్లో కూర్చున్నాడు. గుమాస్తా చేత లావుపాటి ప్రభుత్వ నివేదికలు పుటపుటా చదివించుకుని, అంకెలన్నీ మనసులో పెట్టుకుని, చేతిలో చిన్న చీటీ కూడా లేకుండా లేచి మాట్లాడేవాడు. కళ్లున్న సభ్యులు తెరవని పుస్తకాలవి.

1867లో టర్కీ సుల్తాను లండన్ వచ్చాడు. ఆయన గౌరవార్థం, భారత వ్యవహారాలు చూసే ఇండియా ఆఫీసులో గొప్ప విందు, నృత్యం జరిగాయి. ఆ ఖర్చు భారత ఖజానా మీద వేశారు. విందు వాళ్లది, బిల్లు మనది! ఇదేం న్యాయమని ఫాసెట్ అడిగాడు. అబిసీనియా (నేటి ఇథియోపియా) మీద దండయాత్ర ఖర్చులో వాటా భారతదేశం మీద మోపినప్పుడూ అడిగాడు. బ్రిటిష్ యువరాజు భారత పర్యటనకు అయ్యే ఖర్చు దగ్గరా అడిగాడు. ఓట్లు లెక్కపెడితే ఆయన పక్షం చాలాసార్లు ఓడిపోయేది. అయినా ప్రశ్న రికార్డులోకి ఎక్కేది. 

1871 నుంచి 1874 దాకా భారత ఆర్థిక వ్యవహారాల మీద పార్లమెంటు ఎంపిక సంఘం విచారణ జరిపింది. పెద్ద పెద్ద అధికారులను ఫాసెట్ అందులో తరచి తరచి ప్రశ్నించాడు. ఆ సంఘం ముందే 1873లో దాదాభాయి నౌరోజీ సాక్ష్యమిచ్చారు. ఆ నౌరోజీయే 1892లో సభ్యుడిగా అదే కామన్స్ సభలో అడుగుపెట్టారు.

1874లో ఫాసెట్ బ్రైటన్‌లో ఓడిపోయాడు. ఎన్నికల ఖర్చు కోసం భారతీయులు చందాలు వేసుకుని డబ్బు పంపారు. కొద్దినెలల్లోనే హాక్నీ నుంచి మళ్లీ గెలిచాడు. ఆయనకు 'భారతదేశపు సభ్యుడు' అన్న పేరు ఊరికే రాలేదు.

మన నేలకు దగ్గరి సంగతి ఒకటుంది. 1876-78 నాటి ధాత కరువు రాయలసీమను ఊడ్చేసింది. ఆ కరువు పేరు చెప్పి కొత్త పన్నులు వేశారు. సరిగ్గా అప్పుడే, 1878 చివర్లో, అఫ్గాన్ యుద్ధం మొదలైంది. దాని ఖర్చు భారత ఖజానా మీద వేయడాన్ని వ్యతిరేకిస్తూ ఫాసెట్ సభలో సవరణ ప్రతిపాదించాడు. అదీ ఓడిపోయింది.

ఆయన్ని దేవుణ్ణి చేయాల్సిన పని లేదు. బ్రిటిష్ పాలన పోవాలని ఆయన ఎన్నడూ కోరలేదు, అది పొదుపుగా, న్యాయంగా ఉండాలన్నాడంతే. ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ల పనిగంటలకు చట్టం పరిమితి పెట్టబోతే అడ్డుపడ్డాడు. వాళ్ల స్వేచ్ఛ పోతుందన్నది ఆయన వాదన. నాకది అంగీకారం కాదు.

1880లో ప్రధాని గ్లాడ్‌స్టన్ ఆయన్ని పోస్ట్‌మాస్టర్ జనరల్‌ని చేశాడు, కేబినెట్‌లో మాత్రం చోటివ్వలేదు. రహస్యపత్రాలు వేరొకరు చదివిపెట్టాల్సి వస్తుందన్నది కారణమని చెబుతారు. ఆ నాలుగేళ్లలోనే పోస్టల్ ఆర్డర్లు వచ్చాయి, 1883లో పార్సిల్ పోస్టు మొదలైంది. నాకు నచ్చింది మాత్రం చిన్న ఏర్పాటు. పన్నెండు పెన్నీ స్టాంపులు ఒక కాగితం మీద అంటించి తెస్తే పోస్టాఫీసులో పొదుపు ఖాతా తెరిచేవారు. ఒక్కసారిగా షిల్లింగు, అంటే పన్నెండు పెన్నీలు, తీయలేని కూలివాడి జేబు ఎలా ఉంటుందో తెలిసినవాడి ఆలోచన అది. 1884 నవంబరులో, 51 ఏళ్లకే, పదవిలో ఉండగానే కన్నుమూశాడు.

భార్య మిలిసెంట్ స్త్రీల ఓటుహక్కు ఉద్యమానికి నాయకురాలు. కూతురు ఫిలిప్పా 1890లో కేంబ్రిడ్జ్ గణిత పరీక్షలో మొదటి స్థానం వచ్చిన అబ్బాయిని మించిన మార్కులు తెచ్చుకుంది. ఆడపిల్ల గనుక విశ్వవిద్యాలయం ఆమెకు పట్టా ఇవ్వలేదు. అక్కడ స్త్రీలకు పట్టాలు 1948లో మొదలయ్యాయి, ఆమె చనిపోయింది ఆ ఏడాదే.

మీలో కొందరు రేపు ఆఫీసుల్లో ఫైళ్ల ముందు కూర్చుంటారు, కొందరు కంపెనీల లెక్కలు చూస్తారు, ఒకరిద్దరు చట్టసభలకు వెళ్లినా వెళ్లొచ్చు. ఎక్కడున్నా, సంతకం పెట్టేముందు కాగితం చివరి పుట దాకా చదవండి. ఆ ఖర్చు ఎవరి మీద పడుతోందో పైకి వినబడేలా అడగండి.