డేటాబేసుతో సంబంధము కుదరనప్పుడు
(సంఘ కార్యకర్తల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తెలుగు చదువగోరు పిల్లల పేర్లను మన సంఘము కాగితములపై గాక వెబ్‌సైటు ద్వారా నమోదు చేయుచున్న సంగతి మీరెరిగినదే. ప్రాథమిక పాఠశాల మొత్తమున 40 మందికిగాని, ఒక తరగతిలో 10 మందికిగాని తక్కువ కాకున్నచో మాతృభాషలో బోధించుటకు కనీసమొక ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము నిర్ణయించినది. తరగతికి తొమ్మిది పేర్లు చాలవు. కావున తల్లిదండ్రులు పేరు చేర్పబోవు వేళ "డేటాబేసుతో సంబంధము కుదరలేదు" అని కనబడినచో దానిని చిన్న సంగతిగా త్రోసివేయరాదు.

పుటలను చూపు ప్రోగ్రాము ఒకటి. పేర్లను భద్రపరచు డేటాబేసు, అనగా మన మై ఎస్‌క్యూఎల్, వేరొకటి. మొదటిది రెండవదానిని పిలిచి, పేరును పాస్‌వర్డును చెప్పి లోనికి పోవలెను. ఎచ్చట ఆగెనో దోషవాక్యమే చెప్పును. దానిని చదువకయే సర్వరును ఆపి మరల నడుపు అలవాటు మాకు నచ్చదు.

"కనెక్షను నిరాకరింపబడినది" అన్నచో యంత్రము ఉన్నది గాని 3306వ పోర్టున వినువారు లేరు. సమాధానమే రాక గడువు మీరినచో ఫైర్‌వాల్ అడ్డుచున్నదేమో, చిరునామా తప్పేమో చూడవలెను. 1045 అను అంకె వచ్చినచో తలుపు వరకు చేరినాము. పేరో పాస్‌వర్డో సరిపోలేదు, లేక ఆ యంత్రమునుండి వచ్చుటకు ఆ పేరునకు అనుమతి లేదు. లినక్సు యంత్రములలో మరియొక చిక్కు గలదు. లోకల్‌హోస్టు అని వ్రాసిన సాకెట్టు ఫైలు ద్వారా పోవును, 127.0.0.1 అని వ్రాసిన పోర్టు మార్గమున పోవును. ఒకటి పనిచేసి రెండవది పనిచేయకపోవుట అందువలననే.

1040 అనగా కనెక్షనులు మితిమీరినవి. సహజ పరిమితి 151. ప్రోగ్రాము తాను తెరచినవానిని మూయనిచో పరిమితిని ఎంత పెంచినను చాలదు. ఉదయమున మొట్టమొదట వచ్చినవారికి మాత్రమే దోషము కనబడినచో కారణము వేరు. 28,800 సెకనులు, అనగా 8 గంటలు, ఊరకున్న కనెక్షనును డేటాబేసు తానే తెంపును. ప్రోగ్రాము మాత్రము పాతదానినే పట్టుకొనియుండును. వాడుటకు ముందు పరీక్షించునట్లు అమర్చిన చాలును.

మనకు అన్నిటికంటె బాధాకరమైనది దోషవాక్యమే రాని దోషము. కనెక్షను కుదురును, పేరు చేరును, జాబితా తీసినచో తెలుగు పేరునకు బదులు ప్రశ్నార్థకములు వరుసగా నిలుచును! నిలువయున్న అక్షరములు సరియైనవే అయి, తీయు కనెక్షను మాత్రము లాటిన్1 అయినచో ఇట్లగును. దానిని యుటిఎఫ్8ఎంబి4గా మార్చిన పేర్లు తిరిగి కనబడును. పట్టికయే లాటిన్1 అయి, కట్టుబాటు సడలించిన రీతిలో వ్రాయబడినచో ప్రశ్నార్థకములే నిలువయగును. ఆ పేర్లు ఇక రావు. ఆ కుటుంబమును మరల అడుగవలసినదే. 2018లో వెలువడిన 8.0లో యుటిఎఫ్8ఎంబి4యే సహజ నియమమైనను, పాత సర్వరులనుండి తెచ్చిన పట్టికలు పాత నియమమునే వెంట తెచ్చుకొనును.

కావున ప్రతి శాఖవారును ఒక తెలుగు పేరును నమోదు చేసి, తిరిగి తీసి చూచి, దోషవాక్యము వచ్చినచో అంకెతో సహా ఉన్నదున్నట్లు వ్రాసి, వచ్చు ఆదివారములోగా కార్యాలయమునకు పంపవలెనని కోరుచున్నాము.