కోడిపిల్లలలో పుంజేది, పెట్టయేది?

(కోడిపిల్లల పంపకమునకు ముందు మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వచ్చు నెలలో మన సంఘము 30 కుటుంబములకు పెరటికోళ్ల పిల్లలను పంచదలచినది. వానిని కొనుటకు ముందు నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పశువైద్యుడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి తవుడు, నూకలు, రాగులు అమ్ముకొను వర్తకుడను. అయినను ఈ హోసూరు చుట్టుప్రక్కల కోళ్లు పెంచు తల్లులు మేతకై నా అంగడికి వచ్చుచుందురు గనుక వారి లాభనష్టములు నా చెవిని పడక మానవు. అందు నేను తరచుగా విను నష్టము ఒక్కటే. పెట్టలని కొన్నవి పుంజులగుట.

పోయిన యేడు మన వీధిలోనే యొక తల్లి, భర్త గతించిన పిదప గుడ్లమ్ముకొని ఇంటి ఖర్చు కొంత గడుపుకొందునని తలచి, సంతలో నెలనాటి పిల్లలను 20 కొనినది. అమ్మినవాడు "అన్నియు పెట్టలే" యని ఒట్టు పెట్టుకొని, మామూలు ధరకు సగము అధికముగ పుచ్చుకొనెను. నాలుగవ నెల వచ్చునప్పటికి 11 పుంజులు తేలినవి. పొదిగిన పిల్లలలో సుమారు సగము పుంజులగుట సృష్టి ధర్మము. అందు వింత యేమియు లేదు. ఆమె అధికముగ చెల్లించినది మాత్రము అమ్మినవానికి లేని జ్ఞానమునకు.

మన సంతలో మూడు భాషలు వినబడును. మనము పుంజు అన్నదానిని కన్నడిగులు హుంజ అందురు. మనము పెట్ట అన్నదానిని తమిళులు పెట్టై అందురు. ఇరుగుపొరుగు భాషలలో ఇంత దగ్గర మాటలున్నను, తమిళులు కుంజు అను ఆ పిల్ల పుంజగునో కాదో అమ్మువాడెరుగడు, కొనువాడెరుగడు.

ఎరుగకపోవుటకు కారణమున్నది. మన పెరళ్లలోని కోళ్లు ఒక జాతివి కావు. ఒక తాత అసీలు, ఒక అవ్వ ఆంధ్ర కర్ణాటకములు రెండింటి జాతిగ లెక్కింపబడు ఘాగస్. నడుమ బెంగుళూరు పశువైద్య కళాశాలవారి గిరిరాజయు, హైదరాబాదు పరిశోధనాలయమువారి వనరాజయు వచ్చి కలిసినవి. ఒకే తల్లి క్రింద పొదిగిన పిల్లలలో ఒకటి నల్లనిది, ఒకటి చారలది, ఒకటి మెడపై ఈకలే లేనిది. శుద్ధజాతి కోళ్లకు చెప్పిన గుర్తులు వీనికి అతుకవు.

ఇక లోకమున వాడుకలో నున్న పరీక్షలను చూతము. గుడ్డు ఆకారమును బట్టి చెప్పుట మిక్కిలి ప్రాచీనము. గుండ్రని గుడ్డు పుంజనియు, కోలగా మొనదేలినది పెట్టయనియు గ్రీకు పండితుడు అరిస్టాటిల్ వ్రాసెను. రోమను వ్యవసాయ గ్రంథకర్త కొలుమెల్లా సరిగ దీనికి తలక్రిందుగ వ్రాసెను. ఇరువురు పెద్దలు ఇట్లు తగవులాడిన చోట మనము తీర్పు చెప్పనక్కరలేదు. గుడ్డు ఆకారమునకును పిల్ల లింగమునకును సంబంధమే లేదు. దారమునకు ఉంగరము కట్టి పిల్లపై వ్రేలాడదీయుటయు అట్టిదే.

రెక్క పరీక్ష వేరు, అది అబద్ధము కాదు. పుట్టిన ఒకటి రెండు దినములలో రెక్క విప్పి, రెండు వరుసల ఈకలు సమానముగ నున్న పుంజనియు, హెచ్చుతగ్గులుగ నున్న పెట్టయనియు పెద్ద హేచరీలలో వేరు చేయుదురు. అయితే అచ్చట తల్లిని ఈకలు ఆలస్యముగ మొలచు వంశమునుండియు, తండ్రిని త్వరగ మొలచు వంశమునుండియు ఏరి జత కూర్తురు. ఆ ఏర్పాటు లేని పెరటికోళ్లయందు ఈ పరీక్ష రూపాయి నెగురవేసి బొమ్మా బొరుసా చూచుటతో సమానము. పిల్ల మలద్వారమును విప్పి లోపలి చిన్న బుడిపెను చూచి చెప్పు విద్యను జపానువారు లోకమునకు నేర్పిరి. మసూయి, హాషిమోతో అను శాస్త్రజ్ఞులు 1933లో దీనిపై ఆంగ్లమున పుస్తకము వెలువరించిరి. ఇది దీర్ఘాభ్యాసమున గాని పట్టువడదు. నేర్వని చేయి నొక్కిన పిల్ల బ్రతుకుటయే కష్టము.

ఇక మనకు పనికివచ్చు సంగతి చెప్పెదను. పుంజును త్వరగ గుర్తింపవచ్చును. పెట్టను గుర్తించుటకే కాలము పట్టును. ఆరు ఎనిమిది వారముల పిల్ల తలపై జుట్టు ఎర్రబారి, వెడల్పై, దవడ క్రింద తమ్మెలు దిగినచో అది పుంజని దాదాపు నిశ్చయింపవచ్చును. కాని జుట్టు పాలిపోయి చిన్నదిగ నున్నంత మాత్రమున పెట్ట యనరాదు. అది ఆలస్యముగ ఎదుగు పుంజు కావచ్చును. ముఖ్యముగ అసీలు రక్తమున్న పిల్లలకు జుట్టు బటానీగింజలు పేర్చినట్లు మూడు చిన్న వరుసలుగ నుండును గనుక చాలకాలము కంటికి ఆనదు. నడిమి వరుస వెడల్పై ఎర్రబారినచో పుంజు. కాళ్ల లావు, నిలుచు తీరు, పోట్లాట స్వభావము చూచి చెప్పువారు కలరు. ఒకేసారి పొదిగిన తోబుట్టువులను ప్రక్కప్రక్కన నిలిపి చూచిన అవి కొంత తోడ్పడును. ఒంటరి పిల్లను చూచి చెప్పిన మాటకు విలువ లేదు. కడకనాథ్ కలిసినచో జుట్టే నల్లగ నుండును, ఆ ఎరుపును వెదకియు లాభము లేదు. కాలి ముల్లును నమ్మకుడు, అసీలు పెట్టలకును అది మొలచుట కలదు. డేగ, కాకి, నెమలి యని మనవారు పెట్టిన పేర్లన్నియు ఎదిగిన పుంజు రంగునుబట్టి పెట్టినవి. పిల్ల నూగులో వానిని వెదకుట వృథా.

నమ్మదగిన గుర్తు మూడవ నెల నిండిన పిమ్మట వచ్చును. పిల్లను పట్టుకొని, తోక మొదలికి ముందు నడుముపైనున్న ఈకలను వ్రేలితో పైకెత్తి చూడుడు. పుంజునకు అచ్చట సన్నగ, పొడుగుగ, మొనదేలి, నిగనిగలాడు ఈకలు మొలచును. పెట్టకు ఆ ఈకల కొసలు గుండ్రముగ నుండును. రంగేదైనను, మెడ బోడియైనను ఈ గుర్తు పనిచేయును. 12 నుండి 16 వారములలోపల సందేహము తీరును.

ఈ ఓపిక లేకపోవుటవలన రెండవ వైపునను నష్టము కలదు. చిన్న పుంజని తలచి మాంసమునకు అమ్మినది పెట్టయైనచో, నాటుపెట్ట ఏటికి పెట్టు 50 నుండి 70 గుడ్లు ఆ ఇంటికి పోయినవి. మన తల్లులు ఈ లెక్కను గుర్తుంచుకొనరు, కసాయి గుర్తుంచుకొనును.

కావున కార్యవర్గమునకు నా సలహా యిది. మూడు నెలలు నిండని పిల్లను ఎవరు పెట్ట యన్నను పెట్ట ధర ఈయరాదు. పిల్ల ధరకే కొనవలెను. ఇంటికి ఐదేసి పంచుదమని కొందరు మిత్రులు సూచించిరి. వర్తకుని లెక్క వినుడు. ఐదును పుంజులే యగుటకు 32లో ఒక వంతు అవకాశము కలదు. 30 ఇండ్లకు పంచిన, ఏదో ఒక ఇంట ఒక్క పెట్టయు లేకపోవుట జరుగగల పనియే. పదేసి యిచ్చిన ఆ అవకాశము 1024లో ఒక వంతునకు దిగును. కుటుంబముల సంఖ్య తగ్గించియైనను పదేసి యిచ్చుటయే నాకిష్టము. పిమ్మట నాలుగవ నెలలో అందరును పిల్లలను ఇచ్చటికి తెచ్చి, నడుము ఈకలు చూచి, పుంజులెక్కువైనవారు పెట్టలెక్కువైనవారితో మార్చుకొనవచ్చును. మూడు నెలల మేత దండుగ కాదా యని యడుగుదురేమో. పుంజు మేత తిని బరువెక్కును, ఆ బరువునకు ధర వచ్చును. తవుడమ్మువాడు మరియేమి చెప్పునని నవ్వకుడు. పెరటికోడికి మేతలో పెద్ద పాలు పెరడే యిచ్చును.

ఒక్కచోట మాత్రము పుట్టిననాడే తెలిసికొనవచ్చును. మీ ఇంట నలుపు తెలుపు చారల పెట్ట యుండి, దానికి చారలు లేని ఎర్రని లేక నల్లని పుంజు జతయైనచో, ఆ పిల్లలను చూడుడు. నల్లని నూగుతో తలపై తెల్లని మచ్చయున్నవి పుంజులు, మచ్చ లేనివి పెట్టలు. చారల గుణమును తల్లి కొడుకులకే యిచ్చును గాని కూతుళ్లకు ఈయదు. తండ్రి చారలదైనను తెల్లనిదైనను ఈ గుర్తు పనికిరాదు. ఆ పిల్లలు పెరిగి తమలో తాము జతపడిన పిమ్మట పుట్టు పిల్లలకును పనికిరాదు. చారల పెట్టలున్నవారు సభ ముగిసిన పిదప నాకు తెలిపినచో, ఎర్రపుంజుతో జతచేసి, ఆ గుడ్లను వేరుగ పొదిగించు ఏర్పాటు చూతము. అందు పుట్టిన పెట్టపిల్లలను ముందుగ ఆ 20 పిల్లలు కొన్న తల్లి ఇంటికి పంపవలెనని నా కోరిక.