గుర్రపుడెక్క గురించి మన మాట



మన ఫిలింనగర్ బస్తీల నుంచి దుర్గం చెరువు పెద్ద దూరం కాదు. 2020లో తీగల వంతెన తెరిచినాక జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 నుంచి మాదాపూర్‌కు దాని మీదుగానే పనులకు పోతున్నాం. పైన లైట్లు అందరూ చూస్తారు. కింద గుర్రపుడెక్క అల్లుకుంటే దోమలు కుట్టేది మాత్రం చుట్టుపక్కల ఉండేవాళ్లనే.

ఈ మొక్క దక్షిణ అమెరికాది. ఊదా పూలు బాగున్నాయని తెచ్చి పెంచుకున్నారు. మురుగునీళ్లే దానికి బలం. రెండు వారాల్లో రెట్టింపు కాగలదు. గింజలు బురదలో ఏండ్ల తరబడి బతికే ఉంటాయి. అందుకే ఒక్కసారి మిషన్ పెట్టి తీస్తే అయిపోదు. మురుగు ఆగాలి, పూతకు ముందే తీయాలి, తీసింది గట్టున వదలొద్దు.

దీంతో ఎరువు చేసి అమ్ముదామని, అందుకు అప్పు తీసుకుందామని మేము అనుకున్నాం. మీటింగులో ఒక అక్క అడిగింది: "మురుగులో పెరిగింది కదా, ఆ ఎరువేసిన పాలకూర మన పిల్లలకు పెడతామా?" ఎవ్వరం మాట్లాడలేదు. నీళ్లలో ఉన్న సీసం లాంటివి ఈ మొక్క వేర్లలో పట్టుకుంటుంది. పరీక్ష చేయించనిదే అప్పు వద్దని తీర్మానం రాసుకున్నాం.

మన చేతిలో ఉన్నది చేద్దాం. నాలాలో చెత్త వేయొద్దు. మురుగు పొంగితే జలమండలి 155313కు ఫోన్ చేద్దాం. డెంగీ దోమ చెరువులో కాదు, మన డ్రమ్ముల్లో నిలవున్న మంచినీళ్లలో పుడుతుంది. వారానికోసారి డ్రమ్ము కడిగి ఆరబెడదాం.