చెక్కబల్లకు, ఇనుపకాలికి ఒకే వేడి



డెబ్బది ఐదేండ్ల పండుగనాడు విద్యాలయ ఘనతను కొనియాడుట ఆచారము. ఆ పని చేయదగిన పెద్దలు ఈ వేదికపై పెక్కుమంది ఉన్నారు. ఈ ప్రసంగానికి ఎంచుకొన్న విషయం మాత్రం చిన్నది. సామాన్యశాస్త్రంలో ఒక్క పాఠం: ఉష్ణం వివిధ పదార్థాల గుండా ఎట్లా పయనిస్తుంది అన్నది. పరీక్షలో దానికి లభించే మార్కులు స్వల్పం. అయినా చెన్నపట్నంలో ఉంటూ పిల్లలను తెలుగులో చదివించడం వల్ల ఒరిగేదేమిటని నిలదీసే తల్లిదండ్రులకు చెప్పవలసిన సమాధానంలో కొంత ఆ పాఠంలోనే దొరుకుతుంది.

తరగతిలోని బల్లకు పైభాగం చెక్క, కాళ్లు ఇనుము. మార్గశిర మాసపు ఉదయాన ఒక చేయి చెక్కపైన, రెండవ చేయి ఇనుముపైన ఉంచి ఏది చల్లగా ఉన్నదని అడిగితే, తరగతి అంతా ఒక్క గొంతుతో "ఇనుము" అంటుంది. ఇనుము పుట్టుకతోనే చల్లనిదని, చెక్క వెచ్చనిదని పిల్లల నమ్మకం. పెద్దలలో సైతం చాలామంది నమ్మకం అదే. ఉష్ణమాపకాన్ని గుడ్డతో కట్టి రెండింటికీ కొంతసేపు ఆనించి చూస్తే, రెండుచోట్లా ఒకే అంకె కనబడుతుంది. రాత్రంతా ఒకే గదిలో ఉన్న వస్తువులు ఆ గది ఉష్ణోగ్రతకే చేరుకొంటాయి. మరి చేయి అబద్ధమాడిందా? లేదు. చేయి కొలిచేది వేరొకటి. అరచేతి చర్మం ఉష్ణోగ్రత రమారమి 33 డిగ్రీలు, గదిది 25 అనుకొందాం. ఇనుము తన్ను తాకిన చేతిలోని ఉష్ణాన్ని గబగబ లాగుకొని లోలోపలికి పంపివేస్తుంది. చెక్క అంత త్వరగా పంపలేదు. తాకినచోటనే తాను కాస్త వెచ్చబడి ఊరకుంటుంది. చేతికి తెలిసేది ఉష్ణం తరలిపోయే వేగం.

చాలా పుస్తకాలు పాఠాన్ని ఇక్కడితో ముగిస్తాయి. అవి చలిదేశపు పుస్తకాల ఒరవడిలో వ్రాసినవి కాబోలు. ఇక్కడి బడికి సూర్యభగవానుడు ఒక అదనపు ప్రయోగశాలను ప్రసాదించాడు. అదే బల్లను ఏప్రిల్ మధ్యాహ్నం, వసారా నీడలో, ఉష్ణోగ్రత 38 డిగ్రీలు దాటిన వేళ మరల తాకి చూడమనాలి. ఇప్పుడు ఇనుమే ఎక్కువ వేడిగా తోస్తుంది! డిసెంబరులో చల్లనిదని పేరు పడిన వస్తువు ఏప్రిల్‌లో వేడిదైతే, "ఇనుము చల్లనిది" అన్న మాట దానంతట అదే కూలిపోతుంది. గది ఉష్ణోగ్రత చర్మపు ఉష్ణోగ్రతకు సమీపించిన రోజున రెండింటికీ తేడాయే తెలియదు. ఈ మూడు రోజులనూ పిల్లవాడు తన నోటుపుస్తకంలో తేదీలతో వ్రాసుకొంటే ఇక వేరే నోట్సు చెప్పనక్కరలేదు.

ఇటువంటి తప్పుడు నమ్మకాలు ఎంత లోతుగా నాటుకొని ఉంటాయో తెలిపే ఉదంతం ఒకటి 1990లో అమెరికాలోని ఒక విద్యాపత్రికలో వెలువడింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో నాలుగవ తరగతి పిల్లలు స్వెట్టర్లలో, టోపీలలో వేడి పుడుతుందని వాదించారు. ఉపాధ్యాయిని కాదనలేదు; ఉష్ణమాపకాలను వాటిలో చుట్టి పెట్టనిచ్చింది. పావుగంటకు అంకె కదలలేదు. "ఇంకా సేపు ఉంచాలి" అన్నారు. రాత్రంతా ఉంచినా కదలలేదు. "చలిగాలి దూరింది" అన్నారు. ఈసారి గాలి చొరకుండా మూసి చూశారు. ఉన్ని వేడిని పుట్టించదు, దేహంలో పుట్టిన వేడిని పోకుండా అడ్డుతుంది అన్న ఊహ దగ్గరకు రావడానికి రోజులు పట్టింది. ఒక్క వాక్యంలో చెప్పివేయగల సంగతికి అంత కాలం వెచ్చించిన ఆ ఉపాధ్యాయిని ఓర్పు ఎంతైనా కొనియాడదగినది.

గమనించవలసినది మరొకటి ఉంది. ఆ పిల్లలు తమ తప్పును తమ ఇంటిభాషలో చెప్పగలిగారు. పరభాషలో కంఠస్థం చేసిన నిర్వచనాన్ని తప్పులేకుండా ఒప్పజెప్పే పిల్లవానిలో తప్పుడు ఊహ చెక్కు చెదరకుండా లోపలే దాగి ఉంటుంది. అది బయటపడే దారి ఉండదు. నులివెచ్చన, వెచ్చన, సెగ, కాక, ఉడుకు అనే మాటలతో ఇంట్లో పెరిగిన బిడ్డకు వేడిలోని తరతమాలు తెలుసు. వాహనం తెలిసినవానికి వాహకం అంటే మోసుకొనిపోయేదని మళ్లీ చెప్పాలా? ఇక వీధిలోకి వెళితే వేడిని "సూడు" అంటారు. పల్లెటూరి తెలుగులో ఆ మాటకు చూడమని అర్థం. ప్రయోగం చేయించే ఉపాధ్యాయునికి అంతకంటె కావలసినదేమి! అయితే "ఉష్ణవహనం" అన్న పదాన్ని మంత్రంలా వల్లె వేయిస్తే మాత్రం తెలుగైనా ఇంగ్లీషైనా ఒకటే. ఆ దోషం తెలుగు బడులలో లేదని అనడం ఆత్మవంచన.

వంటిల్లు ఈ పాఠానికి పెద్ద ఉదాహరణల గని. లోహాలన్నీ ఒకే తీరు ఉత్తమవాహకాలని పిల్లలు వ్రాస్తారు. రాగి వాహకత్వం మీటరుకు, డిగ్రీకి సుమారు 400 వాట్లు, అల్యూమినియం దాదాపు 235, ఇనుము 80, వంటింట్లో రాజ్యమేలుతున్న స్టెయిన్‌లెస్ స్టీలు 15 మాత్రమే! స్టీలుగిన్నెలో మంట తగిలినచోట పప్పు మాడి, పక్కన ఉడకకపోవడానికి, ఆ గిన్నెల అడుగున రాగిపూత వేయడానికి కారణం ఇదే. చెక్కకు ఈ అంకె ఒకటిలో పదవవంతో, రెండు పదవవంతులో ఉంటుంది. కదలని గాలికి 0.025. రాచిప్పలో కాచిన పులుసు పొయ్యి దించిన తరువాతా కుతకుతలాడడం అమ్మమ్మలు ఎరిగిన వింత. దళసరి రాయి తనలో దాచుకొన్న వేడి అది. దానిని వాహకత్వంతో కలిపి గజిబిజి చేయరాదు.

ఉపాధ్యాయ మిత్రులు తరచు చేయించే మైనపు ప్రయోగంలోనూ ఇదే చిక్కు ఉన్నది. డచ్చి శాస్త్రజ్ఞుడు ఇంగెన్‌హౌజ్ 1789లో ప్రకటించిన ఆ పద్ధతిలో వేర్వేరు లోహపు కడ్డీలకు మైనం పూసి ఒక కొసను వేడిచేస్తారు. ఏ కడ్డీపై మైనం ముందు కరిగిందని పందెం చూడడం సరికాదు. కడ్డీ తాను వెచ్చబడడానికి ఎంత ఉష్ణం మింగుతుందన్నదీ ఆ పందెంలో కలిసిపోతుంది. కరగడం పూర్తిగా ఆగిన తరువాత, ఎంత పొడవున కరిగిందో కొలవాలి. అరగంట ఓపిక పట్టాలన్నమాట. గంట కొట్టే వ్యవధిలో అది కష్టమే.

చివరిది మంచుముక్క. ఒకదానిని ప్లాస్టిక్ సంచిలో పెట్టి కంబళిలో చుట్టి, అంతే పరిమాణం గల మరొకదానిని సంచిలోనే పళ్లెంలో వదలి, ఏది ముందు కరుగుతుందని అడగాలి. కంబళిలోనిదే అని పిల్లలు పందెం కాస్తారు. ఇరవై నిమిషాల తరువాత సంచులు విప్పితే వారి ముఖాలు చూడదగినవి. ఆ వెంటనే వారిని మెరీనా తీరానికి తీసుకొనిపోయి, నేడు వివేకానంద ఇల్లమని పిలిచే గుండ్రని భవనాన్ని చూపాలి. అది 1842లో మంచును నిలువచేయడానికి కట్టిన ఐస్‌హౌస్. బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ అమెరికా సరస్సులలో గడ్డకట్టిన మంచును కోయించి ఓడలలో ఇక్కడికి పంపేవాడు. 1833లో కలకత్తాకు బయలుదేరిన అతని తొలి ఓడలో 180 టన్నుల మంచు ఉండగా, నాలుగు నెలల ప్రయాణంలో భూమధ్యరేఖను రెండుమార్లు దాటి, దాదాపు 100 టన్నులు మిగిలి చేరింది. ఆ వ్యాపారాన్ని నిలబెట్టినది రంపపుపొట్టు. సరిగా చెప్పాలంటే, పొట్టు రేణువుల నడుమ చిక్కుకొని కదలలేని గాలి. ఊక కప్పిన మంచుదిమ్మలను చేపల అంగళ్లకు చేరవేసే కూలీకి ఈ సంగతి చేతివాటంగా తెలుసు.

ఆ భవనం ముందు నిలుచున్న పిల్లలలో ఒకడు తప్పక అడుగుతాడు: కంబళి మంచును కరగనీయకపోతే, చలిలో మనిషిని ఎలా వెచ్చగా ఉంచుతుంది? ఆ ప్రశ్న వచ్చినప్పుడు ఉపాధ్యాయులు వెంటనే జవాబు చెప్పక, తక్కిన పిల్లల వైపు తిరగవలెనని ప్రార్థన.