అమ్మనుడికి గురువే అండ



ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటాము. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. వాడుక భాష కోసం పోరాడిన యోధునిగా ఆయనను తెలుగువారందరూ తలచుకొంటారు. సరిహద్దున బ్రతుకుతున్న మనం మాత్రం ఆయనను ముందుగా ఒక బడిపంతులుగా తలచుకోవాలి.

1863లో పుట్టిన గిడుగువారు పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. చుట్టుపట్ల కొండలలోని సవరల పిల్లలకు వారి నుడిలో బడి లేదు. పంతులుగారు మొదట తామే సవర భాష నేర్చుకొన్నారు. ఆ నుడిలో వాచకాలు వ్రాశారు. సొంత ఖర్చుతో బడి నడిపారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టండి, పుస్తకాలు నేను వ్రాసి ఇస్తాను అన్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడ్డాయి. అప్పటికి ఆయనకు డెబ్బయి అయిదేండ్లు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. పంతులుగారు ఆ ఊరు విడిచి రాజమండ్రి చేరారు. 1940లో కన్నుమూశారు. ఎల్లలు మారినా ఆయన చేసిన పని మిగిలింది.

మన కథ కూడ ఎల్లల కథే. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని అదే ఏడు రాజ్యాంగంలో 350-ఏ అధికరణం చేరింది. అంతకుముందే, 1949లో, రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక కొలత నిర్ణయించింది: బడిలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష పిల్లలుంటే ఉపాధ్యాయుని నియమించాలి.

2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఒకటవ తరగతితో మొదలైన తమిళ నిర్బంధం ఏడాదికొక తరగతి చొప్పున పెరిగి 2015-16 నాటికి పదవ తరగతిని చేరింది. కోర్టులకు వెళ్ళాము. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మినహాయింపు ఒక్క ఏడాదికే. తమిళం మన ఇరుగుపొరుగుల నుడి, మన పిల్లలు దానిని చక్కగా నేర్వాలి. అమ్మనుడిని వదలి నేర్వవలసిన అగత్యం మాత్రం లేదు.

న్యాయవాదిగా నాకు తెలిసినది ఒకటి చెబుతాను. కోర్టు ఉత్తర్వు బడి తలుపు తెరిపించగలదు. లోపల పిల్లలు లేకపోతే ఆ తలుపు మళ్ళీ మూతబడుతుంది. పదిమంది పిల్లలు లేరన్న ఒక్క మాటతో పంతులు కొలువు పోతుంది. అందుకే ప్రతి తల్లీ తండ్రీ బడిలో చేర్చేటప్పుడే, మా బిడ్డకు తెలుగు కావాలని వ్రాతపూర్వకంగా అడగాలి. నకలు దాచుకోవాలి.

కొలువు విరమించిన ఉపాధ్యాయులు వారానికొక పూట తమ ఊరి పిల్లలకు ఇవ్వాలి. కళాశాలలో చదివే అన్నలు, అక్కలు తలా ఇద్దరు పిల్లలను దగ్గరకు తీయాలి. తెలుగు చదివించాలి, తమిళం, లెక్కలలోను సాయం చేయాలి, ఏ చదువు ఎటు తీసుకుపోతుందో చెప్పాలి. తెలుగు చదివిన బిడ్డ బాగుపడితేనే పక్కింటివారు తమ బిడ్డను తెలుగుకు పంపుతారు.

పరాయి నుడి బిడ్డల కోసం ఒక తెలుగు పంతులు అంత చేశారు. మన బిడ్డల కోసం మనం వారానికొక పూట ఇవ్వలేమా? రాబోయే ఆదివారమే మొదలుపెడదాము.