ఆట ఎక్కడ ఆగుతుంది?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"పిల్లలు ఫోన్ వదలడం లేదు, నువ్వు ఇంజనీరువి కదా, నాలుగు ముక్కలు చెప్పు" అన్నారు మనవాళ్ళు. ముందు నా సంగతి చెప్పుకోవాలి.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా బస్టాండు వెనక వీడియో గేమ్స్ షాపు పెట్టారు. అక్కడికి నాతో వచ్చినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. పేర్లు చెప్పను, మాస్టార్లు ముందు వరసలో కూర్చున్నారు. రూపాయి వేస్తే ప్యాక్‌మ్యాన్. మూడు ప్రాణాలు. ఒకడు ఆడితే అయిదుగురం వెనక నిలబడి అరిచేవాళ్ళం. అయిదు నిమిషాల్లో ఆటా అయిపోయేది, జేబూ ఖాళీ అయ్యేది.

1980లో వచ్చిన ఆ ఆటలో స్థాయి లెక్కను ఒక్క బైట్‌లో దాచారు. అందులో 255 దాటి అంకె పట్టదు. అందుకని 256వ స్థాయికి వెళితే తెర కుడి సగం చిందరవందర అయిపోతుంది. ఎంత మొనగాడైనా అక్కడ ఆగాల్సిందే.

ఇంజనీరింగ్‌లో ఫ్లాపీ మీద ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడాం. 60 నిమిషాల్లో రాకుమారిని విడిపించాలి. ల్యాబ్ అటెండరు అంతకు ముందే స్విచ్చి కట్టేసేవాడు. ఉద్యోగంలో చేరాక నోకియా ఫోన్లో పాము ఆట. పాము తన తోక తనే కరుచుకునేది, ఈలోగా బస్సు వచ్చేది.

వీటన్నిటికీ ఒక ముగింపు ఉంది. మన ఆట త్వరగా ముగిస్తేనే షాపువాడికి ఇంకో రూపాయి. ఇప్పటి ఫోన్ ఆటలు చాలావరకు ఉచితం. మనం ఎంతసేపు ఉంటే ప్రకటనల మీద, లోపల అమ్మే సరుకు మీద వాటికి అంత రాబడి. అందుకే రోజూ వస్తే బహుమతి, పోయిన ప్రాణం కాసేపట్లో మళ్ళీ వచ్చేస్తుంది. ఆగకుండా ఉండేలాగే వాటిని కట్టారు. తప్పంతా పిల్లలదే అనకండి.

నలభై దాటాక నేనూ అందులో పడ్డాను. మా నాన్నగారు మంచాన ఉన్న రోజులు. రాత్రి పక్కన కూర్చుని ఫోన్లో బిళ్ళలు జతచేస్తున్నాను. "ఒరేయ్, నీకో మాట చెప్పాలి" అన్నారు. "ఒక్క నిమిషం నాన్నా" అన్నాను. తలెత్తేసరికి నిద్రపోయారు. మర్నాడు అడిగితే "ఏమోరా, గుర్తులేదు" అన్నారు. ఆయన వెళ్ళిపోయారు. ఆ మాట ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా అబ్బాయి నాతో అదే అంటాడు, "ఒక్క నిమిషం నాన్నా". మొదట్లో ఫోన్ లాక్కునేవాణ్ణి. మ్యాచ్ మధ్యలో లాక్కుంటే వాడి జట్టులో మిగతా ముగ్గురూ నష్టపోతారని తర్వాత తెలిసింది. ఇప్పుడు వాడి వెనక కూర్చుని చూస్తాను, బస్టాండు షాపులో నిలబడ్డట్టే. మ్యాచ్ అవగానే ఫోన్ పక్కన పెట్టాలని ఒప్పందం. రోజూ కుదరదు, చాలా రోజులు కుదురుతోంది.

గురువులకు నా మనవి ఒక్కటే. పిల్లలను "ఎంతసేపు ఆడావు?" అని అడిగే ముందు "ఎవరితో ఆడావు? ఎక్కడ ఆపుదామనుకున్నావు?" అని అడగండి.

మన బడిలో ఆటల పీరియడ్ అయిపోతే గంట కొట్టేవారు. తిట్టుకుంటూనే క్లాసుకి వెళ్ళేవాళ్ళం. ఫోన్లో ఆ గంట లేదు. మనమే కొట్టుకోవాలి, పిల్లలకూ నేర్పాలి.